ఓడ గడియారం

ఫిబ్రవరి 24, మంగళవారం

ఈ రోజు డోర్లా ఫోను ఎత్తింది!

పెరట్లో చేప పొలుసు తీస్తున్నాను. లోపల ఎవరో మాట్లాడుతున్నారు. రేడియో అనుకున్నాను. కాదు, నా కూతురే. "అవునండీ, మేమే. ఆరుగురా? సరే. రేవు గేటు బయట ఉంటాం, బోర్డు మీద మీ పేరు రాసి పట్టుకుంటాం" అంటోంది. ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అంది. నేను అలాగే నిలబడిపోయాను. పక్కింటి పిల్లి నా చేతి కిందనుంచే చేపను లాక్కుపోయింది. పోనీ! ఈ రోజు పిల్లికి కూడా పండగే!

మా అల్లుడు రాయ్డెన్ చనిపోయిన మే నెల నుంచీ దానికి మంచమే లోకం. పెడితే తింటుంది, లేపితే లేస్తుంది. ఏడవదు. ఒక్కసారి కూడా ఏడవలేదు. మనిషి ఉంటుంది, లోపల దీపం ఉండదు. అతను దూరంగా ఆగే ఓడల్లోంచి జనాన్ని ఒడ్డుకు చేర్చే పడవ నడిపేవాడు. ఆ రోజు అందరినీ ఓడ దగ్గర దించి ఖాళీగా వెనక్కి వస్తూ చక్రం మీద వాలిపోయాడు. గుండె. తోటి పడవవాడు కెన్రిక్ తన పడవలోంచి అందులోకి దూకి, దాన్ని రేవుకు తెచ్చాడు. ఆ రోజు తర్వాత డోర్లా రేవులో అడుగు పెట్టలేదు.

"నాన్నా, వాన్ కడగాలి" అంది ఇవాళ. ఓడల్లో వచ్చేవాళ్ళకు మేం ఊరు చూపించే వాన్ అది. కడిగాను. ఆరిపోయాక మళ్ళీ కడిగాను.

నేను చాలా సంతోషంగా ఉన్నాను. రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 3

వాళ్ళు రాలేదు. తెల్లవారుజాము నుంచీ ఉత్తరపు గాలి. ఆ గాలిలో పడవలు ఓడ దగ్గరికి పోలేవు. ఓడ మా ఊరి ముందు ఆగకుండానే తర్వాతి రేవుకు పోయింది. బోర్డు పట్టుకుని గేటు బయట నిలబడ్డాం. కాపలావాడు వచ్చి చెప్పాడు. డోర్లా సరే అంది. బోర్డు వాన్‌లో పెట్టింది. ఇంటికి తోలింది. 

మార్చి 4

పడుకుంది.

మార్చి 5

పడుకుంది. నేను బాగానే ఉన్నాను. అన్నంలో ఉప్పు వేశానో లేదో తెలియలేదు. మళ్ళీ వేశాను. తిన్నాను.

మార్చి 6, శుక్రవారం

దేవుడు గొప్పవాడు! మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి నేనే ఎత్తాను. జూన్ అని ఒకావిడ. రేపు ఓడ ఎక్కుతారట. తనూ, భర్తా, తన చెల్లెలు లొరెట్టా. మంగళవారం ఇక్కడ దిగుతారు. ఓడవాళ్ళ టూర్లు వద్దట, గుంపులో గొర్రెల్లా తిరగడం ఇష్టం లేదట. ఎంత మంచి మాట! నాకు కళ్ళు మసకలు, నేను తోలలేను. తోలాల్సింది డోర్లానే. అయినా వెంటనే ఒప్పేసుకున్నాను.

దానితో ఏమన్నానంటే, "ఆవిడ నిన్నే అడిగిందమ్మా. ఆడమనిషి తోలితేనే వస్తామంది" అన్నాను. ఇది అబద్ధం కాదు. ఆవిడ అడగడం మర్చిపోయింది, అంతే. గుర్తుంటే తప్పకుండా అడిగేది.

డోర్లా చాలాసేపు ఫ్యాను వైపు చూసింది. "మంగళవారం గాలి ఉంటుందా?" అంది.

"అస్సలు ఉండదు" అన్నాను. నాకేం తెలుసు!

ఒక సంగతి రాసుకోవాలి. ఈసారి కూడా వాళ్ళు ఒడ్డుకు రాకపోతే అది మళ్ళీ మంచం ఎక్కుతుంది. ఆ తర్వాత లేపడం నా వల్ల కాదు. లేపేవాడికి కూడా కాస్త ఓపిక మిగలాలి కదా. సంతోషకరమైన రోజున ఇలాంటివి రాయకూడదు. రాశాను.

మార్చి 7, శనివారం

జూన్ గారికి పెద్ద మెసేజ్ పంపాను. వేళ్ళు నొప్పి పుట్టాయి. అమ్మా, ఓడవాళ్ళ దగ్గర టూరు కొన్నవాళ్ళను ముందు దించుతారు, సొంతంగా వచ్చే మీలాంటి వాళ్ళకు నంబర్లిస్తారు, ఆ నంబరు కోసం పొద్దున్నే వెళ్ళండి, టిఫిన్ తర్వాత అనుకోకండి, టిఫిన్ చేతిలో పట్టుకుని వెళ్ళండి, నంబరు వచ్చాక గదికి వెళ్ళకండి, టోపీ మర్చిపోయినా వెళ్ళకండి, ఇక్కడ టోపీ నేనిస్తాను అని రాశాను.

అంతా పైకి చదువుతూ రాశాను. లోపలి గది తలుపు తీసే ఉంది. కాసేపటికి అక్కడినుంచి గొంతు వచ్చింది.

"ముగ్గురికీ కలిపి ఒకే నంబరు అడగమను."

"ఏంటమ్మా?"

"విడివిడిగా వెళ్తే విడివిడి నంబర్లిస్తారు. ఒకరు పడవలో, ఇద్దరు ఓడలో ఉండిపోతారు. కలిసే వెళ్ళమను."

చూశారా! దాని బుర్రలో అన్నీ ఉన్నాయి. ఎక్కడికీ పోలేదు. నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను.

మార్చి 8, ఆదివారం

చర్చికి వెళ్ళొచ్చాను. డోర్లా రాలేదు. ఫర్వాలేదు.

జూన్ గారి మెసేజ్: "సముద్రం మీద ఉన్నాం. రాత్రి మాకు ఒక గంట నిద్ర తగ్గింది. అయినా హాయిగా ఉంది."

పాపం, అలలు ఎక్కువేమో. అల్లం నమలమని రాశాను.

మార్చి 9

తల దువ్వుకుంది. అడగకుండానే.

మార్చి 10, మంగళవారం. వాన్‌లో కూర్చుని రాస్తున్నాను

గాలి ఉంది. కాస్తే. ఓడ ఆగింది! దూరంగా, తెల్లగా, మబ్బు ముక్కలా కనిపిస్తోంది. పడవలు తిరుగుతున్నాయి. మేము ఎనిమిదింటి నుంచీ గేటు బయట ఉన్నాం. డోర్లా చక్రం పట్టుకుని ఎదురుగా చూస్తోంది. రేవు వైపు మాత్రం చూడదు. పసుపు చొక్కా వేసుకుంది.

జూన్: "నంబరు వచ్చింది. పద్నాలుగు. ముగ్గురికీ ఒకటే. ఇంకా పిలవలేదు."

ఒకటే! డోర్లాకు చూపించాను. తలాడించింది.

కాసేపటికి జూన్: "ఇంకా పిలవలేదు. ఓడవాళ్ళ టూర్ల జనం పోతూనే ఉన్నారు. లొరెట్టా అలిగి ఇంకో టిఫిన్‌కు వెళ్తానంటోంది."

"వెళ్ళనివ్వకండి!" అని రాశాను.

ఉండబట్టలేక లోపలికి వెళ్ళాను, నాకు గైడు బ్యాడ్జీ ఉంది కదా. కెన్రిక్ పడవ కట్టి జనాన్ని దించుతున్నాడు. అందరి చొక్కాల మీదా ఓడవాళ్ళ టూరు స్టిక్కర్లే. 

"ఏం మిస్టా ఆల్స్టన్, పెళ్ళికొడుకులా తయారయ్యావ్!" అన్నాడు.

"ఒరే కెన్రిక్, పద్నాలుగో నంబరు వాళ్ళు ముగ్గురున్నారు. ఈసారి తెచ్చేయరా నాన్నా."

"పడవ నాది, ఓడ మెట్లు వాళ్ళవి. మెట్ల దగ్గర ఎవర్ని నిలబెడితే వాళ్ళనే ఎక్కించుకుంటా. ఇంకా ఎనిమిదో నంబరే పిలవలేదంట. నీవాళ్ళకి రెక్కలుంటే ఎగిరొచ్చేయమను."

"నవ్వులాట కాదురా. డోర్లా వచ్చింది. బయట వాన్‌లో ఉంది."

వాడి నవ్వు ఆగిపోయింది. తాడు విప్పుతూ గేటు వైపు చూశాడు. "తోలుకొచ్చిందా?"

"తనే."

"సరే" అన్నాడు.  పడవ తిప్పేశాడు.

వెనక్కి వచ్చాను. "పిలుస్తున్నారట" అన్నాను డోర్లాతో. 

"పిలవట్లేదు నాన్నా. నీ మొహం చూస్తే తెలుస్తోంది."

"నా మొహంలో సంతోషం తప్ప ఏముంది?"

 చక్రం మీద దాని చేతులు అలాగే ఉన్నాయి. మొదట అనుకున్న గుహల దాకా వెళ్ళాలంటే ఇప్పుడే బయల్దేరాలి. ఇంకాసేపయితే గుహలు కుదరవు. ఇంకా ఆలస్యమైతే ఏదీ కుదరదు. వాన్‌లో ఎండ. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఎప్పట్నుంచో తెలియదు.

టైము పదకొండయింది.

పిలిచారు!! పిలిచారు పిలిచారు!

అదే రోజు, ఇంటికొచ్చాక

మొదట్నుంచీ రాస్తాను, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

గేట్లోంచి ముగ్గురూ వచ్చారు. జూన్ గారు పొట్టి, చెల్లెలు పొడుగు, భర్త వాల్టర్ గారు ఇద్దరి వెనకా సంచులు మోస్తూ. నేను బోర్డు ఎత్తి పట్టుకుని పరిగెత్తాను. జూన్ గారిని కౌగిలించుకున్నాను. ఆవిడ పాపం నవ్వింది. "మీరు రావడం మా అదృష్టం, మా ఇంటికి పండగ" ఇంకా ఏవేవో అన్నాను. కెన్రిక్ తర్వాత చెప్పాడు, ఓడ మెట్ల దగ్గర నిలబడి "పద్నాలుగు! పద్నాలుగు ఎక్కడ?" అని అరుస్తూనే ఉన్నాడట, అక్కడ నంబర్లు పిలిచే పిల్ల విసిగిపోయి పిలిచేసిందట. వాడికి దేవుడు వందేళ్ళివ్వాలి.

"ఎంత టైముంది నాన్నా?" అంది డోర్లా.

"ఆఖరి పడవ ఎప్పుడమ్మా?" అని జూన్ గారిని అడిగాను.

"నాలుగింటికి. ఓడ టైము."

ఓడ గడియారం మాకంటే గంట ముందు నడుస్తుంది. నాలుగంటే మాకు మూడు. "నాలుగు గంటలుంది!" అన్నాను గొప్పగా.

"అయినా గుహలు వద్దు" అంది డోర్లా. జనం వైపు తిరిగి, మామూలు గొంతుతో, "ఆలస్యమైంది కదండీ. కోతుల అడవికి తీసుకెళ్తాను. దగ్గర. మీకు నచ్చకపోతే ఇప్పుడే చెప్పండి" అంది. తనే నిర్ణయించింది! నన్ను అడగనైనా లేదు!

"కోతులా?" అంది లొరెట్టా గారు. "మా అక్క ఉండగా నాకు వేరే కోతులెందుకు?"

"నువ్వు నోరు మూసుకుని ఎక్కు. రెండో టిఫిన్‌కు వెళ్ళుంటే ఇంకా ఓడలోనే ఉండేవాళ్ళం."

డోర్లా పెదవి చివర కదిలింది. నేను చూశాను. అద్దంలో చూశాను.

అడవిలో కోతులు బాగా అరిచాయి. వాల్టర్ గారు వాటికంటే గట్టిగా అరిచారు. డోర్లా పిల్లకోతిని చూపించింది, తల్లి పొట్టకు కరుచుకుని ఉంది. ఏ ఆకు తింటుందో, ఏ ఆకు ముట్టదో చెప్పింది. ఎవరో చెప్తున్నట్టు చెప్పింది. కానీ చెప్పింది. నాకు ఒళ్ళంతా తేలిపోయింది. అందుకే తిరుగుదారిలో, నది దగ్గర, ఒక ముసలమ్మ నడిపే భోజనాల కొట్టు ముందు ఆపించాను. ఇంత ఆనందం ఖాళీ కడుపుతో ఇంటికి తీసుకెళ్ళకూడదు. కోడి కూర, కొబ్బరిపాల అన్నం, వేయించిన అరటి. "వద్దు నాన్నా, పోదాం" అంది డోర్లా. "రెండు గంటలుందమ్మా!" అన్నాను. అందరికీ రెండోసారి వడ్డించమన్నాను. లొరెట్టా గారు మిరపకాయ సాస్ వేసుకుని ఏడ్చారు. జూన్ గారు ఆవిణ్ణి చూసి నవ్వి నవ్వి ఏడ్చారు.

అప్పుడు జూన్ గారి సంచిలో ఫోను మోగింది.

"ఇదేంటి?" అన్నాను.

"అలారం. ఆఖరి పడవకు గంట ముందు మోగాలని పెట్టుకున్నా."

"తప్పు మోగింది. ఇంకా రెండు గంటలుంది" అన్నాను నవ్వుతూ. నిజంగానే నవ్వాను.

"లేదండీ, ఇప్పుడు మూడయింది. ఓడలో ఆదివారం గడియారాలు ముందుకు తిప్పారు కదా. మీక్కూడా చెప్పాను, గంట నిద్ర తగ్గిందని."

డోర్లా లేచింది. ప్లేటు అలాగే ఉంది. "ఎక్కండి" అంది. అంతే. మూడేళ్ళప్పుడు ఆట మధ్యలో లేచి నిలబడేదే, అలా.

మార్చిలో వాళ్ళ దేశంలో అందరూ గడియారాలు గంట ముందుకు తిప్పుతారు, ఓడ కూడా. మేం తిప్పం. మార్చి నుంచి ఓడ మాకంటే గంట కాదు, రెండు గంటలు ముందు. ఈ సంగతి రేవులో కొబ్బరిబోండాలు అమ్మేవాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. ముప్పయ్యేళ్ళుగా తెలుసు. వాన్‌లో గడియారం సరిగా కనిపించలేదు, అందువల్ల.

దారంతా ఎవరూ మాట్లాడలేదు. ఓడవాళ్ళ టూరుకు వెళ్ళినవాళ్ళకోసం ఓడ ఆగుతుంది. మావాళ్ళకోసం ఆగదు. అది వాళ్ళకూ తెలుసు. జూన్ గారు ఒక్కసారి మాత్రం "నా బీపీ మాత్రలన్నీ గదిలోనే ఉన్నాయి వాల్టర్" అన్నారు. ఆయన ఆవిడ చేయి పట్టుకున్నారు. వంతెన దగ్గర లారీల వరస. డోర్లా పక్కనున్న మట్టిదారిలోకి దింపి తోలింది. నేను ప్రార్థన మొదలుపెట్టి సగంలో మాటలు మర్చిపోయాను.

గేటు దగ్గర ఆగేసరికి ఆఖరి పడవ తాడు విప్పేశారు. రేవు గోడకూ పడవకూ మధ్య నీళ్ళు కనిపిస్తున్నాయి.

జూన్ గారు పరిగెత్తలేరు. వాల్టర్ గారు ఆవిణ్ణి విడిచి రాలేరు. నేను సంచులతో కింద పడ్డంత పని చేశాను. డోర్లా మా అందర్నీ దాటి గేట్లోకి దూసుకుపోయింది.

"బ్యాడ్జీ! మేడమ్, బ్యాడ్జీ!" కాపలావాడు అరిచాడు.

అది ఆగలేదు. పలకల మీద దాని చెప్పుల చప్పుడు. చివరిదాకా వెళ్ళి అంచున నిలబడింది.

"కెన్రిక్! ఆపరా! ఆపు, సన్నాసీ! నా జనం ఉన్నారు!"

పడవలో వాళ్ళందరూ తిరిగి చూశారు. కెన్రిక్ కూడా చూశాడు.  తర్వాత పడవ వెనక్కి వచ్చింది.

వాడు చెయ్యి చాచాడు. డోర్లా జూన్ గారి మోచేయి పట్టుకుని దింపింది. తర్వాత లొరెట్టా గారిని, వాల్టర్ గారిని. "సంచి చూసుకోండి. అడుగు చూసుకోండి" అంటూనే ఉంది. జూన్ గారు వెనక్కి తిరిగి ఏదో అనబోయారు. ఇంజను చప్పుడులో వినబడలేదు. పడవ పోయింది. డోర్లా అక్కడే నిలబడి చూసింది. నీళ్ళ మీద తెల్లని గీత పడి చెరిగిపోయేదాకా చూసింది.

నేను మెల్లగా వెళ్ళి పక్కన నిలబడ్డాను. "చాలా బాగా చేశావమ్మా" అన్నాను.

అది తిరిగింది. 

"నువ్వు గైడువా?" అంది.

"అమ్మా..."

"నోరెత్తకు! ముప్పయ్యేళ్ళు ఈ రేవులో తిరిగావు. బండెక్కగానే మొదటి మాట ఏమడగాలి? మీ చేతి గడియారంలో ఎంతయిందండీ అని అడగాలి. నాకు నేర్పిందెవరు? నువ్వే! రెండోసారి కోడికూర వడ్డిస్తావా? జూన్ గారి మాత్రలు ఓడలో ఉన్నాయి! ఓడ పోయుంటే ఏం చేసేవాడివి? కౌగిలించుకునేవాడివా?"

చేపలవాళ్ళు, కాపలావాడు, గొడుగుల కింద బొమ్మలమ్మే ఆడవాళ్ళు, అందరూ చూస్తున్నారు. ఎవరో నవ్వారు.

"ప్రతి మార్చిలోనూ గడియారాల సంగతి ముందురోజే నువ్వే చెప్పేదానివి కదమ్మా" అన్నాను. "ఈ ఏడు చెప్పలేదు, అందుకే..."

అనకూడని మాట. నోరు జారింది.  

"ఈ ఏడు నేనెక్కడున్నాను నాన్నా?" అంది.

 

తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది, ఇంకా గట్టిగా. నన్ను తిట్టింది. ఓడను తిట్టింది. వాళ్ళ దేశంలో గడియారాలు తిప్పే మహానుభావుల్ని తిట్టింది. గుండెలో నొప్పి వస్తోందని నెల ముందే తెలిసి చెప్పకుండా పడవ ఎక్కినందుకు రాయ్డెన్‌ను తిట్టింది. "చెప్పలేదు వెధవ! ఒక్క మాట చెప్పలేదు నాకు!" అంది. కెన్రిక్ ఓడకు వెళ్ళి మనుషుల్ని దించి తిరిగొచ్చాడు, అది ఇంకా తిడుతూనే ఉంది. వాడు పడవలోంచే అన్నాడు, "డోర్లా, ఓడలో కెప్టెన్ కూడా క్షమించమంటున్నాడు. ఇక చాలు."

"నువ్వు మాట్లాడకు! నొప్పి సంగతి నీకూ తెలుసు!"

వాడు టోపీ తీసి తల దించుకున్నాడు. "తెలుసు" అన్నాడు.

ఇంటిదాకా తిట్టింది. కిటికీలు తెరిచే ఉన్నాయి. వీధి వీధంతా విన్నది. నేను సంచి ఒళ్ళో పెట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నాను. ఇంత ఆనందం ఎప్పుడూ లేదు! దేవుడా, ఎన్ని దండాలు పెట్టను! నాకు కళ్ళు మసకలు కాబట్టి అక్షరాలు ఇలా వస్తున్నాయి. వేరే ఏం లేదు.

మార్చి 11

మాట్లాడటం లేదు. టీ కప్పు నా ముందు పెట్టిన తీరుకు సగం టీ బల్ల మీదే ఉంది. వంటింట్లో మూతలు ఎగిరి పడుతున్నాయి.

జూన్ గారి మెసేజ్ వచ్చింది. మాత్రలు వేసుకున్నారట, క్షేమమట. ఓడలో ఏడుగురికి ఈ సంగతి చెప్పారట. డోర్లాకు చదివి వినిపించాను. "నీ ఫోను నా మొహం మీద పెట్టకు" అంది.

మధ్యాహ్నం గదిలోకి వెళ్ళి పడుకుంది. గోడ వైపు తిరిగి, దుప్పటి కప్పుకుని.  గడప దగ్గర నిలబడ్డాను. మళ్ళీ మొదటికొచ్చామా అనుకున్నాను. రాసే ఓపిక కూడా అక్కడే పోయింది.

"అన్నం పెట్టనా అమ్మా?" అన్నాను.

"నీ చేతి అన్నం నాకొద్దు. నీ ముఖం చూడాలని లేదు. పో."

తలుపు దగ్గరికి వేశాను. వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. నవ్వొచ్చింది. మొదట నవ్వే. తర్వాత చొక్కా కాలరు తడిసింది. రాయ్డెన్ పోయినప్పుడు నేను ఏడవలేదు, ఇంట్లో ఒకరైనా నిలబడాలి కదా అని. కాళ్ళకు నేల చల్లగా తగిలింది.

ఇన్నాళ్ళూ దేన్నీ చూడకుండా పడుకునేది. ఇవాళ నన్ను చూడకూడదని పడుకుంది.